మా కోళ్లు, పొరుగువారి ప్రవర్తన

హైదరాబాదులో కోళ్లను ఆరుబయట వదిలి పెంచే గృహస్థులకూ వారి ఇరుగుపొరుగులకూ మధ్య తగవులు నానాటికీ పెరుగుతున్నందున, ఈ సమస్యను ఆవేశకావేశాలకు తావివ్వకుండా పరిశీలించవలసిన సమయం వచ్చిందని నేను భావిస్తున్నాను. అల్వాల్ వైపు ఒక కాలనీలో చాలా ఏళ్లుగా కాపురముంటూ, నాలుగు పెట్టలకూ ఒక పుంజుకూ యజమానినైన నేను ఈ విషయంలో పూర్తిగా నిష్పక్షపాతిని. నా పరిశీలనలో తేలినదేమిటంటే, కోళ్ల వల్ల తగవులు రావు. కోళ్లతో ఎలా మెలగాలో పొరుగువారికి తెలియకపోవడం వల్ల వస్తాయి. కనుక కోళ్లను కట్టడి చేయడమెలాగన్న పాత ప్రశ్నను పక్కనపెట్టి, పొరుగువారిని దారిలో పెట్టడమెలాగన్న అసలు ప్రశ్నకు వద్దాం.

కోడి గొడవ చిన్న విషయమని తీసిపారేసేవారు పల్నాటి కథను ఒకసారి గుర్తు చేసుకోవాలి. పన్నెండో శతాబ్దంలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు కోళ్లను పందేనికి దించారనీ, ఓడిన పక్షం ఏడేళ్లు వలస పోవలసి వచ్చిందనీ, ఆ పగ చివరికి కారంపూడి రణరంగం దాకా వెళ్లిందనీ మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ లెక్కన చూస్తే, మా వీధిలో ఇప్పటివరకూ జరిగినదంతా, అంటే ఒక చెప్పు విసరడమూ, సంక్షేమ సంఘం సమావేశంలో ఒక ప్లాస్టిక్ కుర్చీని కొంచెం గట్టిగా వెనక్కు జరపడమూ, ఎంతో నాగరికమైన స్థాయిలోనే ఉన్నాయని చెప్పాలి.

మొదటి ఫిర్యాదు ముగ్గుకు సంబంధించినది. ధనుర్మాసంలో మా కుడివైపు ఇంటావిడ తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, బియ్యప్పిండితో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసి, మధ్యలో గొబ్బెమ్మను నిలిపి, దాని నెత్తిన గుమ్మడిపువ్వు పెట్టి లోపలికి వెళ్లారు. ఆ తరువాత జరిగినదానికి నేను ప్రత్యక్ష సాక్షిని. మా నల్లపెట్ట గోడ దిగి వచ్చి, ముగ్గు అంచున ఒక్క క్షణం నిలబడి, ఎడమకాలితో ఒకసారీ కుడికాలితో రెండుసార్లూ వెనక్కు గీరి, ఒక అడుగు వెనక్కు వేసి, తల పక్కకు వాల్చి ఒంటికంటితో నేలను పరీక్షించింది. ఏ ఆభరణాల దుకాణంలోనూ అంత శ్రద్ధగా సరుకు చూసినవారిని నేను చూడలేదు. పది నిమిషాల్లో ఆరు వరుసల చుక్కలు పోయాయి, గొబ్బెమ్మ పక్కకు ఒరిగింది, పువ్వు జాడ లేదు. చీమలకూ పిట్టలకూ ఆహారం కావాలనే పెద్దలు ముగ్గును బియ్యప్పిండితో వేయమన్నారని ఆవిడే ఏటా అందరికీ చెబుతుంటారు. తీరా ఒక పిట్ట వచ్చి తింటే అభ్యంతరమేమిటో నాకు అర్థం కాలేదు. ఈ ఏడు ఆవిడ రాతిముగ్గుకు మారారు. అదీ మంచిదే. పళ్లు లేని జీవి కనుక కోడి చిన్న చిన్న రాళ్లు మింగి, వాటి సాయంతోనే కందనకాయలో గింజలు నలుపుకుంటుంది.

ఎదురింటాయన సంగతి వేరు. ఆయన కొత్తగా నల్లరంగు కారు కొన్నారు. దాన్ని రోజూ తానే కడిగి, మెత్తటి గుడ్డతో అద్దంలా తుడుస్తారు. మా పుంజు ఒకనాడు ఆ కారు తలుపులో తనలాంటి మరో పుంజును చూసింది. మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఇది ఒకడుగు వేస్తే అది ఒకడుగు వేసింది, ఇది ఎగిరితే అది ఎగిరింది, ఇది పొడిస్తే అదీ సరిగ్గా అదే చోట పొడిచింది. అరగంట గడిచినా ఇద్దరిలో ఎవరూ వెనక్కు తగ్గలేదు. తలుపు మీద పడిన గీతలకు నన్ను బాధ్యుణ్ణి చేయడం అన్యాయమనీ, కారును వారం రోజులు కడగకుండా దుమ్ము పట్టనిస్తే అందులోని పుంజు దానంతటదే వెళ్లిపోతుందనీ నేను ఆయనకు సౌమ్యంగా వివరించాను. ఆయన చాలాసేపు మా పుంజు వంకే చూసి, "ఆషాఢం ఎంతో దూరం లేదు లెండి సార్" అన్నారు. బోనాల పండుగ మీద ఆయనకింత భక్తి ఉన్నదని నాకు అంతవరకూ తెలియదు.

ఇక చట్టం. మా సంఘం కార్యదర్శిగారు నియమాలు కంఠస్థం చేసిన మనిషి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదనీ, మా పుంజు నాలుగున్నరకే మొదలుపెడుతున్నదనీ ఆయన నోటీసు ఇచ్చారు. దగ్గర నుంచి కొలిస్తే పుంజు కూత నూరు డెసిబెల్స్ దాటుతుందన్న మాట నేను కాదనను. కానీ బెల్జియం పరిశోధకులు 2018లో మరో ముఖ్యమైన సంగతి ప్రకటించారు: పుంజు నోరు పూర్తిగా తెరిచినప్పుడు దాని చెవిరంధ్రం మూసుకుపోతుందట. తన గోల తనకే సరిగా వినబడని ప్రాణిని తప్పుపట్టడం ఏం న్యాయం? తమ కోడీ తమ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను మనవాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు గానీ, ఆమె కోడి గురించి సంక్షేమ సంఘానికి ఎవరూ ఫిర్యాదు చేసినట్టు ఎక్కడా లేదు.

పైగా ఫ్రాన్స్‌లో ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు కూస్తున్నదని, సెలవుల్లో వచ్చి ఉండే పొరుగువారు దావా వేస్తే, 2019లో న్యాయస్థానం పుంజు పక్షానే తీర్పు చెప్పి, దాని యజమానురాలికి వెయ్యి యూరోల పరిహారం ఇప్పించింది. 2021 జనవరిలో ఆ దేశం పల్లెల్లోని శబ్దాలకూ వాసనలకూ రక్షణగా ఏకంగా ఒక చట్టమే చేసింది. అది పల్లెలకు వర్తించే చట్టమని కార్యదర్శిగారి వాదన. మా కాలనీ కూడా మొన్నమొన్నటి వరకూ జొన్నచేనే గదా అని నా వాదన. అతిక్రమణ మాటకొస్తే, బ్రిటిష్ వారు 1871లో చేసిన పశువుల అతిక్రమణ చట్టంలో బందెలదొడ్డికి తోలదగిన జంతువుల జాబితా ఉన్నది. అందులో ఏనుగు ఉన్నది, ఒంటె ఉన్నది, గాడిద ఉన్నది, మేకపిల్ల సైతం ఉన్నది. కోడి లేదు. కోడి గోడ దూకడాన్ని దొరలే పట్టించుకోలేదన్నమాట.

సంఘంలో ఒక విశ్రాంత పశువైద్యుడు కూడా ఉన్నారు. ఆయన వాదించరు, సలహాలిస్తారు. ఇది మరింత ఇబ్బందికరం. పెట్టలు ఎక్కువగా పొద్దుటిపూటే గుడ్లు పెడతాయి కనుక పది దాటేదాకా గూడు తలుపు తీయవద్దన్నారు. ఒకవైపు రెక్క పెద్ద ఈకలను కొంత కత్తిరిస్తే తూకం తప్పి గోడ ఎగరలేవనీ, నొప్పి ఉండదనీ, ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడు మళ్లీ కత్తిరించాలనీ చెప్పారు. సాయంత్రం ఒకే వేళకు డబ్బాలో నూకలు గలగలలాడిస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాయట. మెడ నిక్కించనిదే పుంజు సరిగా కూయలేదు కనుక రాత్రిపూట దాన్ని తక్కువ ఎత్తు ఉన్న చీకటి గూట్లో పడుకోబెట్టమన్నారు. ఇవన్నీ పనిచేస్తాయని నాకూ తెలుసు. అయితే వీటన్నిటిలోనూ పనంతా నామీదే పడుతున్నదని గమనించగలరు. సహజీవనమన్నాక భారం అందరూ పంచుకోవాలి.

నేను హద్దులను గౌరవించనివాణ్ణని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కుడివైపు వారి జామచెట్టు కొమ్మ ఒకటి మా గోడ మీదికి అడుగున్నర మేర వచ్చి, రోజుకు పదీ పదిహేను ఆకులు మా వాకిట్లో రాలుస్తున్నది. దీనిపై నేను సంఘానికి మూడు లేఖలు రాశాను. ఎవరి ఆస్తి వారి గోడ లోపల ఉండాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

అసలు చిక్కు గుడ్లతో వచ్చింది. నల్లపెట్ట మా గూట్లో పెట్టడం మానేసి, ఆ జామచెట్టు కింద పాత కూలర్ డబ్బాలో పెడుతున్నదని నాకు ఆలస్యంగా తెలిసింది. నాటుగుడ్డు ధర తెలిసినవారు నా ఆందోళనను అర్థం చేసుకుంటారు. వెంటనే వెళ్లి, గుడ్డు ఏ గడ్డ మీద పెట్టినా అది కోడి యజమానికే చెందుతుందని విశదీకరించాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో చాటతో అంతా ఓపిగ్గా విని, "మా కొత్తిమీర మడి గెలికినప్పుడు కోడి ఎవరిది అన్నా?" అని అడిగారు. ఇది సంబంధం లేని ప్రశ్న అని చెప్పి వచ్చేశాను. సంఘం తేల్చేవరకూ గుడ్లు ఉన్నచోటే ఉండాలని ఇద్దరమూ ఒప్పుకున్నాం. సంఘం సమావేశం రెండుసార్లు వాయిదా పడింది. ఈలోగా నల్లపెట్ట సాయంత్రాలు ఇంటికి రావడం మానేసింది.

గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. సంఘాలకు అంత తొందర ఉండదు. నిన్న పొద్దున గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. జామచెట్టు కొమ్మ నరికించి ఉన్నది, నా మూడో లేఖ పనిచేసిందని సంతోషించేలోపే ఆవిడ గొంతు వినిపించింది.

"అన్నా, మీ కోడి పదకొండు మందిని వెంటేసుకొని తిరుగుతున్నది. అన్నీ మీయే. జర వచ్చి తోల్కపోండ్రి."

ఎదురింటాయన కారుకు కొత్త కవరు తొడుగుతున్నారు.