బయానా ఎటు నుంచి ఎటు పోతోంది?

"మా కంపెనీ వార్షికోత్సవం ఉంది. మీ ఒగ్గుడోలు టీమ్ కావాలి. 15 మంది రండి, 70 వేలు ఇస్తాం" అని మల్లన్న కథలు చెప్పి డోలు వాయించే ఒగ్గు కళాకారుడికి ఫోన్ వస్తుంది. అవతలి మనిషి బేరం ఆడడు. వరంగల్ దగ్గరి ఐనవోలు చుట్టుపక్కల ఏ ఒగ్గు కళాకారుణ్నయినా అడగండి, బేరం లేకుండా ప్రోగ్రాం కుదిరింది ఎప్పుడని. అనుమానం అక్కడే మొదలవ్వాలి.

తర్వాత గేట్ పాస్‌కు ఇంత, మనిషికో కార్డుకు ఇంత కట్టాలంటాడు. అంతా ప్రోగ్రాం అయ్యాక వాపస్ ఇస్తానంటాడు. ఇంకొకడు అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు అంటాడు. మరొకడు 5 వేలకు బదులు 50 వేలు పడ్డాయని దొంగ మెసేజ్ పెట్టి, మిగతావి తిరిగి పంపమని బతిమాలతాడు. కరీంనగర్, వరంగల్‌లో ఫోక్ ఆల్బమ్‌లలో ఛాన్స్ కోసం తిరిగే ఆడపిల్లలకైతే కాస్ట్యూమ్ డిపాజిట్ అనో, రిజిస్ట్రేషన్ అనో పేరు పెడతారు.

ఇన్ని వేషాలు గుర్తు పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. బయానా, అంటే ముందుగా ఇచ్చే అడ్వాన్స్, ఎటు పోతోందో చూస్తే చాలు. డప్పయినా, చిందు యక్షగానమైనా మన దగ్గర పిలిచినవాడే బయానా ఇస్తాడు. తాంబూలంలో 100 రూపాయలు పెట్టినా మాట కుదిరినట్టే. పిలుపు అందుకున్న కళాకారుడే ఎదురు పైసలు కట్టాలంటే అది పని కాదు, మోసం. యూపీఐ పద్ధతి కూడా ఇదే. మన ఖాతాలోంచి డబ్బు పోయేటప్పుడు పిన్ అడుగుతుంది, వచ్చేటప్పుడు అడగదు. మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ నుంచి ఆపేశారు కానీ, క్యూఆర్ కోడ్ దందా, దొంగ మెసేజ్‌లు అలాగే ఉన్నాయి. పైసలు పడ్డాయో లేదో మెసేజ్‌లో కాదు, ఖాతాలో చూసుకోవాలి. మోసం జరిగిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ డబ్బు ఖాతాలు మారి చేయి దాటకముందే చెబితేనే బ్యాంకు దాన్ని ఆపగలదు.

ఆశపడ్డారు కాబట్టే మోసపోయారని కొందరంటారు. చదువుకున్న ఉద్యోగులే లక్షలు పోగొట్టుకుంటుంటే ఈ మాట కళాకారులకే ఎందుకు? మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు, డోలు గోడకు వేలాడుతుంది. పిల్లల ఫీజు మాత్రం ఆగదు. అప్పుడొచ్చిన ఫోన్‌ను నమ్మడం అత్యాశ కాదు, అవసరం.

అసలు సంగతి వేరే ఉంది. "ముందు నువ్వు పెట్టుకో, తర్వాత ఇస్తాం" అనే మాటను ఈ దొంగలు కొత్తగా కనిపెట్టలేదు. మనమే నేర్పాం. సభకు పిలుస్తాం, ఊరేగింపు ముందు ఎండలో నడిపిస్తాం. వ్యాన్ కిరాయి వాళ్లే పెట్టుకోవాలి. బిల్లు కోసం నెలల తరబడి తిరగాలి. చివరికి శాలువా కప్పి పంపిస్తాం. ఏళ్లుగా చేతి డబ్బు పెట్టుకుని పనిచేసిన మనిషికి గేట్ పాస్ రుసుము వింతగా ఎందుకు అనిపిస్తుంది? పెద్దమనుషుల పద్ధతినే దొంగ వాడుకుంటున్నాడు.

అందుకే జాగ్రత్తగా ఉండండని కళాకారులకు చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో పునాది వేస్తే, 2024 నవంబర్‌లో తలుపులు తెరిచారు. అంత పెద్ద భవనంలో కళాకారుల కోసం ఒక గది, ఒక ఫోన్, ఒక మనిషి ఉండలేరా? ప్రోగ్రాంకు పిలిచినవాడు నిజమో కాదో అక్కడ విచారించి చెప్పాలి. తేదీ, ఊరు, మంది, రేటు రాసిన ఒక్క పేజీ ఒప్పందం అక్కడే కుదరాలి. సగం పైసలు ముందే కళాకారుడి ఖాతాలో పడాలి. ప్రభుత్వ కార్యక్రమాలకూ ఇదే షరతు పెట్టాలి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర మొదలవుతుంది, ఒగ్గు టీమ్‌లకు ఫోన్లు మోగే కాలం అది. ఆ గది అంతకుముందే తెరవాలి.