మా అక్క అంగడికి బీగం చెవి ఎవరి దగ్గర ఉండాలి?

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మా అక్క ఫోన్ నంబరు మారి నాలుగు రోజులైనా, ఆమె వెబ్‌సైట్‌లో ఈ ఉదయం దాకా పాత నంబరే ఉంది. సైటు చేసిచ్చిన అబ్బాయికి తిరుపతి నుంచి నేను ఫోన్ చేస్తే, "అది కోడింగ్ పని సార్, అక్కకు అర్థం కాదు, ఐదు వందలవుతుంది" అన్నాడు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను ఎంతసేపు నానబెట్టాలో, వెదురు కలంతో నల్లరంగు ఎక్కడ గీయాలో, పటిక ఎప్పుడు పూయాలో మనసులోనే పెట్టుకొని పనిచేసే మనిషికి పది అంకెలు మార్చడం అర్థం కాదా?

అది కోడింగ్ పని కానే కాదు. ఆ సైటు నడుస్తున్నది 2003లో వచ్చిన, వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద. రాతను డేటాబేసులోనూ రూపాన్ని థీమ్‌లోనూ వేరువేరుగా ఉంచి, కోడ్ తెలియనివారు కూడా తమ మాట తామే మార్చుకొనేలా చేయడానికే ఇటువంటి వ్యవస్థలు పుట్టాయి. పేజీ తెరిచి, నంబరు దిద్ది, పైనున్న నీలం బటన్ నొక్కితే పని అయిపోతుంది.

అయితే అక్క లాగిన్‌తో లోపలికి వెళ్లి చూస్తే ఆమె సొంత ప్రొఫైల్ తప్ప మరేమీ కనిపించలేదు. డబ్బు పెట్టి సైటు చేయించుకున్న మనిషికి అతను ఇచ్చింది పేజీలు దిద్దే వీలు లేని సబ్‌స్క్రైబర్ హోదా! కనీసం ఎడిటర్ హోదా ఇచ్చి ఉంటే థీమ్‌నూ, సైటుకు అదనపు పనులు జోడించే ప్లగిన్లనూ ముట్టుకొనే అవకాశం లేకుండానే ఏ పేజీనైనా దిద్దుకొనేది. అక్క సైటును పాడుచేస్తుందని అతని భయమట. దిద్దిన పేజీకి పాత ప్రతులు అందులోనే భద్రంగా ఉంటాయి, తొలగించిన పేజీ సైతం మామూలుగా ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంటుంది.

ఇంతకు ముందు సైటు చేసినవాడు ఇంకా ఘోరం. డొమైన్‌ను, అంటే సైటు చిరునామాను, తన పేరున నమోదు చేసుకొని, గడువు తీరే వేళకు ఫోన్ ఎత్తడం మానేశాడు. చేజారిన ఆ చిరునామా అచ్చువేయించిన సంచులు ఇప్పటికీ అక్క ఇంట్లో అటక మీద కట్టలుగా ఉన్నాయి.

ఐదు వందలిచ్చి ఇవాళ నంబరు మార్పించాను. సైటు మీద పూర్తి అధికారం ఉండే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అక్క చేతికిచ్చి, కొత్త డొమైన్ ఆమె పేరునే ఉందని చూపించేదాకా మిగిలిన బాకీ చెల్లించబోమని ఇప్పటి అబ్బాయికి రాసి పంపాను.