నాలుగో వలయంలో మూడో గది

రెండు గదుల ఇంట్లో నలుగురు పదకొండేళ్లు కలిసి ఉంటే వాళ్ల మధ్య ప్రేమ పెరుగుతుందని అంటారు. అనేవాళ్లంతా నాలుగు గదుల ఇళ్లలో ఉంటారు. మా ఇంట్లో పెరిగినవి వేరు. పిల్లల ఎత్తు పెరిగింది, సామాను పెరిగింది, పొద్దున్నే స్నానాల గది తలుపు మీద దబదబలు పెరిగాయి. నేను వ్యాసాలు రాసుకునే బల్ల మీదే పిల్లల హోంవర్కు, దాని మీదే అందరి భోజనాలు, దాని మీదే ఇస్త్రీ. సమాజాన్ని ఒక దారిలో పెట్టే వాక్యం సగంలో ఉండగా "ఆ మోచెయ్యి కాస్త తీస్తారా, గిన్నె దింపాలి" అని మా ఆవిడ అంటే సమాజం ఎలా బాగుపడుతుంది? అది ఇప్పటికీ బాగుపడలేదంటే కారణం ఆ బల్లే.

అందుకని పెద్ద ఇల్లు కొందామని తీర్మానించాం. ఒక గది మాకు, ఒకటి పిల్లలకి, మూడోది నా రాతకి. మూడో గదికి తలుపు ఉంటుంది. ఆ తలుపు మూసుకుంటుంది. పదకొండేళ్లుగా నా కల అంతే.

ఇల్లు ఎంచుకోవడం పెద్ద పని కాదు. గోడ నచ్చకపోతే కొట్టించొచ్చు, రంగు నచ్చకపోతే మార్చొచ్చు. ఏరియాకి సున్నం వేయించలేం. కాబట్టి ముందు ఏరియా తేల్చుకోవాలి, దానికి ముందు బడ్జెట్ తేల్చుకోవాలి. మా బడ్జెట్ ఎంతో మాకు తెలియదు, బ్యాంకుకి తెలుసు. మనం ఎంత కట్టగలమో బ్యాంకు మనకి చెబుతుంది, మనం గర్వంగా ఇంటికొచ్చి అది మన స్తోమత అనుకుంటాం. 20 ఏళ్ల లోను, 9 శాతం వడ్డీ అనుకోండి. తీసుకున్న ప్రతి 100కీ చివరికి కట్టేది దాదాపు 216. అంటే మూడు గదుల ఇల్లు కొన్నవాడు ఆరున్నర గదులకి డబ్బు కడతాడు. మిగతా మూడున్నర గదులు ఎక్కడున్నాయని కొన్నాళ్లు వెతికాను. లోను ఆఫీసులో కూర్చున్న రోజు తల పైకెత్తి చూస్తే తెలిసింది. చాలా ఎత్తు సీలింగు వాళ్లది.

స్తోమత తేలాక శాస్త్రాన్ని ఆశ్రయించాను. 1826లో యొహాన్ హైన్రిష్ ఫాన్ ట్యూనెన్ అనే జర్మన్ భూస్వామి ఒక ఊహా నగరం గీశాడు. చుట్టూ చదునైన నేల, నగరం చుట్టూ వలయాలు. మొదటి వలయంలో పాలు, కూరగాయలు, ఎందుకంటే అవి త్వరగా పాడవుతాయి. రెండో వలయంలో వంటచెరకు అడవి, ఎందుకంటే కట్టెలు మోయడం బరువు. మూడో వలయంలో ధాన్యం. నాలుగో వలయంలో పశువులు. వాటిని ఎవరూ మోసుకురానక్కర్లేదు, తమ కాళ్ల మీద తామే నడిచి సంతకి వస్తాయి.

1964లో విలియం అలాన్సో అనే పండితుడు ఇదే ఆలోచనని నగరంలో ఇళ్లకి అన్వయించాడు. నడిబొడ్డున నేలకి ఎవరు ఎక్కువ పాడితే వాళ్లదే. మిగిలినవాళ్లు దూరం జరిగి, ఆ దూరానికి బదులుగా వైశాల్యం పుచ్చుకుంటారు. రెండు సిద్ధాంతాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక నాకు మా స్థానం స్పష్టమైంది. మోసుకురానక్కర్లేకుండా, తన ఖర్చుతో తానే, రోజూ టైముకి నగరంలోకి నడిచొచ్చే ప్రాణి ఇంకొకటుంది. దానికి నెల జీతం కూడా ఉంటుంది.

పైగా రేఖాగణితం మా పక్షాన ఉంది. నగరం మధ్యనుంచి దూరం రెట్టింపైతే వృత్తం వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. కొంచెం దూరం వెళితే చాలు, మాలాంటివాళ్లకి ఎంతో నేల ఉంది. దేవుడు మధ్యతరగతికి అన్యాయం చేయలేదు, న్యాయమే చేశాడు, కాకపోతే ఊరి బయట చేశాడంతే.

ఇక మధ్యవర్తి రంగప్రవేశం చేశాడు. ఈయన పేరు, ఊరు నేను చెప్పను. ఆయన మాట్లాడే భాష వినడానికి మన భాషలాగే ఉంటుంది గానీ వ్యాకరణం వేరు. అందులో దూరాన్ని నిమిషాల్లో కొలుస్తారు, ఎవరి నిమిషాలో చెప్పరు. "స్టేషన్‌కి పది నిమిషాలు సార్" అన్నాడు. మామూలు మనిషి గంటకి ఐదు కిలోమీటర్లు నడుస్తాడు, పది నిమిషాలంటే 800 మీటర్ల చిల్లర. నేను నడిచి చూశాను. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. అడిగితే, "మీరు కొంచెం నిదానం సార్" అన్నాడు. లోపం దూరానిది కాదు, నాదీ, నా మోకాళ్లదీ.

"శరవేగంగా అభివృద్ధి చెందుతున్న ప్రాంతం" అంటే అక్కడ ఇంకా మురుగు కాలువ లేదు. "ప్రశాంతమైన వాతావరణం" అంటే బస్సు రాదు. "అన్నిటికీ దగ్గర" అన్నాడంటే ఆ అన్నీ పడకగది కిటికీ కింద నుంచే పోతాయి. "పెట్టుబడికి చాలా బాగుంటుంది" అన్నమాట వినగానే నాకు టెన్షన్ మొదలయ్యేది, ఎందుకంటే ఉండటానికి బాగుంటుందని అనగలిగితే ఆయన ఆ మాటే అనేవాడు.

ఆయన భాషలో అన్నిటికంటే బలమైన మాట "రాబోయే". రాబోయే రైలు, రాబోయే స్కూలు, రాబోయే పార్కు. అన్నీ వస్తూనే ఉంటాయి. అయితే ఒక విషయం ఒప్పుకోవాలి, రైలు కంటే ముందు దాని రేటు మాత్రం టంచనుగా వస్తుంది. పట్టాలు పడకముందే పట్టాల ఖరీదు మన ఇంటి ధరలో కలిసిపోతుంది. ఆ లైను నిజంగా వచ్చేనాటికి మనం ఆ రైలుకి అన్ని టికెట్లూ కొనేసి ఉంటాం, ఎక్కడమే మిగులుతుంది.

"రాబోయే వెడల్పు రోడ్డు" సంగతి మరీ విచిత్రం. అమెరికా నగరాల లెక్కలు తీసి డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో తేల్చింది ఏమిటంటే, పెద్ద రహదారులు ఎంత పెరిగితే వాటి మీద వాహనాల తిరుగుడు కూడా ఇంచుమించు అంతే పెరిగింది. ఇదే మాట మధ్యవర్తికి చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా సార్, అంత డిమాండు!"

ఇళ్లని అందరూ ఆదివారం పొద్దున పదింటికి చూస్తారు. ఆ వేళకి ప్రతి ఏరియా ఇంటర్వ్యూకి వచ్చిన అభ్యర్థిలా తల దువ్వుకుని కూర్చుంటుంది. హారన్లు ఉండవు, స్కూలు బస్సులు ఉండవు, పక్క స్థలంలో ఇనుము కోసే మిషను కూడా సెలవులో ఉంటుంది. దూరపు కొండలు నునుపు, ఆదివారపు ఏరియాలు ఇంకా నునుపు. అందుకని నేను మంగళవారం సాయంత్రం ఆరింటికి వెళ్లాను. ఆదివారం నాకు నచ్చిన వీధే, కానీ అది కనిపించలేదు, దాని మీద వాహనాలు కనిపించాయి. రాత్రి పదకొండుకి వెళ్లాను. కుక్కల సర్వసభ్య సమావేశం జరుగుతోంది, కొత్త సభ్యుడిగా నా పేరు పరిశీలనకొచ్చింది.

వాన పడ్డ మర్నాడు వెళ్లడం మా ఆవిడ ఆలోచన. వీధి పొడుగునా ప్రతి ఇంటి గోడకీ నడుమెత్తున, చెక్కుచెదరకుండా ఒకే గీత ఉంది. మట్టి రంగు గీత.

"ఇదేంటండీ?" అంది మా ఆవిడ.

"డిజైన్ మేడమ్" అన్నాడు మధ్యవర్తి.

రేటు ఎందుకంత తక్కువో అప్పుడర్థమైంది. పల్లంలో నేల ఎప్పుడూ చవకే, నీళ్లకి ఆ సంగతి మనకంటే ముందు తెలుసు. పేరులో చెరువో కుంటో ఉన్న కాలనీని చూస్తే ఒక్క క్షణం ఆగి ఆలోచించమని మనవి. పేరులో నీళ్లుంటే ఇంట్లోకీ వస్తాయి, పేరు పెట్టినవాళ్లు అబద్ధం చెప్పలేదు.

గాలి కూడా చూడాలంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్ నగరాల్లో ఫ్యాక్టరీ పొగ గాలివాటుకి ఎక్కువగా తూర్పుకే పోయేదట. పొగ పడ్డ వైపు పేదవాడలు ఏర్పడ్డాయని, పొగగొట్టాలు పోయాక కూడా ఆ తేడా పోలేదని హెబ్లిష్, ట్రూ, జిల్బర్‌బర్గ్ అనే ముగ్గురు పరిశోధకులు 2021లో చూపించారు. ఇక్కడ గాలి ఎటు వీస్తుందని నేను మధ్యవర్తిని గంభీరంగా అడిగాను. "మీకెటు కావాలి సార్?" అన్నాడు.

మధ్యేమార్గం ఒకటుందని మిత్రులు చెప్పారు. నగరానికి దగ్గరగా ఉండి, పేరు మాత్రం చెడిపోయిన పాత పేటలో కొనడం. పేరు బాగుపడేలోపు కొనేస్తే మనం దూరదృష్టి గలవాళ్లం అవుతాం. దీనికి ఇంగ్లిషులో జెంట్రిఫికేషన్ అని పేరు, లండన్‌లో కార్మిక పేటల్లోకి డబ్బున్నవాళ్లు చేరి పాతవాళ్లకి చోటు లేకుండా పోవడం చూసి సామాజికవేత్త రూత్ గ్లాస్ 1964లో పెట్టిన పేరది. నేను సున్నిత మనస్కుణ్ణి, పేదల తరఫున చాలా వ్యాసాలు రాశాను. అయినా కుటుంబం కోసం ఈ అన్యాయం చేయడానికి గుండె రాయి చేసుకుని వెళ్లాను. వెళితే ఏముంది, మూల మీద కాఫీ షాపు, దాని పక్కన కుక్కపిల్లలకి క్షవరం చేసే షాపు. మాకంటే ముందే ఎవరో ఆ అన్యాయం చేసేశారు. మంచివాళ్లు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు.

అలా తిరిగి తిరిగి మళ్లీ నాలుగో వలయానికే చేరాం. గది పెద్దది, తలుపుంది, మూసుకుంటుంది కూడా. ఆఫీసు ఒక వైపుకి ఇప్పటికంటే నలభై నిమిషాలు ఎక్కువ. మా ఆవిడ క్యాలెండర్ వెనక లెక్క వేసింది. రోజుకి ఎనభై నిమిషాలు, ఏడాదికి 240 పనిరోజులు, మొత్తం 320 గంటలు. లోను తీరే 20 ఏళ్లకి 6,400 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి 266 రోజులు.

"తొమ్మిది నెలలు" అంది. "నేను ఇద్దర్ని మోశాను. ఇప్పుడు మీ వంతు."

ఈ విషయం మీద కూడా పరిశోధన ఉంది. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రై, అలాయిస్ స్టట్జర్ జర్మనీ కుటుంబాల సమాచారం పరిశీలించి 2008లో ప్రచురించారు. దూరం తిరిగేవాళ్లకి దానికి తగ్గ లాభం ఇంటి రూపంలోనో జీతం రూపంలోనో దక్కి, లెక్క సరిపోవాలి కదా? సరిపోలేదు. ప్రయాణం ఎంత ఎక్కువైతే జీవితం మీద తృప్తి అంత తక్కువగా తేలింది.

వినయంగా నా అభ్యంతరం తెలియజేస్తున్నాను. ఆ పండితులు ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. ఇల్లు ఇరుకయ్యేది గోడల వల్ల కాదు, మనుషుల వల్ల. పాత ఇంట్లో సాయంత్రం ఆరింటికల్లా నలుగురం చేరేవాళ్లం, పడుకునేదాకా ఒకరి కాలు ఒకరు తొక్కుకునేవాళ్లం. నాలుగో వలయంలో ఆ బెడద లేదు. నేను బస్సులో ఉంటాను, మా ఆవిడ ఇంకో బస్సులో ఉంటుంది, పిల్లలు స్కూలు వ్యానులో నిద్రపోతుంటారు. వారంలో ఐదు రోజులు ఆ ఇంట్లో మెలకువతో ఉండే మనుషుల్ని చదరపు అడుగులతో భాగిస్తే రాజభవనాలకి కూడా అంత వైశాల్యం రాదు. దూరం పెరిగేకొద్దీ ఇల్లు పెద్దదవుతుంది, అదే ధరకి! ఇంత చిన్న సూత్రం ఫాన్ ట్యూనెన్‌కి ఎందుకు తట్టలేదో. బహుశా ఆయన తన పొలంలోనే ఉండేవాడు కాబట్టి.

అన్నట్టు, చెజారే మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో ఒక మాట రాశాడు. మనిషి ఏ యుగంలోనైనా రోజుకి సగటున గంటసేపే ప్రయాణిస్తాడని, అందుకే నడక తప్ప మరో దారి లేని రోజుల్లో గోడలు కట్టుకున్న నగరాలు అడ్డంగా ఐదు కిలోమీటర్లు దాటేవి కావని. ఈ లెక్కన మూడో శుక్రవారం నాటికి నా ఈ నెల కోటా అయిపోయింది. మిగిలిన వారం ఎవరి ఖాతాలో తిరుగుతున్నానో తెలియదు.

కొని ఏడు నెలలైంది. ఇల్లు నిజంగా బాగుంది, చూసినవాళ్లు అదే అన్నారు, ఇద్దరు చూశారు. మూడో గదిలో విప్పని అట్టపెట్టెలు పద్నాలుగు, బట్టలు ఆరేసుకునే వ్యాయామ సైకిల్ ఒకటి ఉన్నాయి. చాలా నిశ్శబ్దంగా ఉంటుందని పిల్లలు చెప్పారు. ఈ వ్యాసం మొదటి సగం సోమవారం పొద్దున కిటికీ పక్క సీట్లో రాశాను. రెండో సగం నిలబడి రాస్తున్నాను, పక్కాయన సంచీ నా భుజం మీద ఉంది. ఇప్పుడే ఆయన, "సార్, ఆ మోచెయ్యి కాస్త" అన్నాడు.