వద్దన్నదీ వాళ్లే, వరస తప్పేదీ వాళ్లే

2021 మే, కొవిడ్ టీకాల రోజులు. ఉదయం 6 గంటలకు కర్ఫ్యూ సడలుతుంది. ఆరుంపావుకల్లా వార్డు సచివాలయం గోడ పక్కన చెప్పులు, నీళ్ల సీసాలు, ఆధార్ జిరాక్సు పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్లు వరసగా ఉంటాయి. వాటి మనుషులు చెట్టు నీడలో ఉంటారు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, కొవాగ్జిన్ రెండో డోసు గడువు దాటిపోతోందని టెన్షన్ పడుతున్నవాళ్లు. పదిన్నరకు ఒక కారు ఆగుతుంది. దిగినాయనకు నలభై కూడా ఉండవు. ఆయన కంటే ముందే ఆయన గురించిన ఫోను లోపలికి చేరి ఉంటుంది. పది నిమిషాల్లో భుజం రుద్దుకుంటూ బయటికొచ్చి వెళ్లిపోతాడు. పదకొండున్నరకు ‘‘స్టాక్ అయిపోయిందమ్మా, రేపు రండి’’ అని ఏఎన్ఎం చెబుతుంది. విజయవాడలో ఏ మూలకెళ్లినా ఈ మాటే. ఏటి అవతల గుంటూరు నుంచీ ఇవే కబుర్లు.

ఈ కారు మనుషులు నాలుగు నెలల కిందట ఏమన్నారో మాకు గుర్తుంది కాబట్టే ఇంత మంట.

జనవరి 16న రాష్ట్రంలో టీకా కార్యక్రమం మొదలైంది మన విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనే. తొలి సూది వేయించుకున్నది ఒక పారిశుద్ధ్య కార్మికురాలు. ఆ రోజుల్లో జాబితాలో పేరుండి, ఫోనుకు మెసేజ్ వచ్చి కూడా రానివాళ్లు ఎందరో. ‘‘మూడో దశ పరీక్షల ఫలితాలే రాలేదుగా’’, ‘‘మన మీద ప్రయోగాలా’’, ‘‘ముందు వాళ్లకు వేయనివ్వండి, చూద్దాం’’. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మాటలివి. ఆ ‘వాళ్లు’ ఎవరు? చీపురు పట్టినవాళ్లు, వార్డుల్లో బెడ్‌ప్యాన్లు ఎత్తినవాళ్లు, ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలు. వాళ్ల భుజానికి గుచ్చి చూశాక, ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక, ఏప్రిల్‌లో ఆక్సిజన్ కోసం జనం పరుగులు చూశాక, ఇప్పుడు మేం ముందంటే మేం ముందు!

భయపడ్డవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం లేదు. టీకా తర్వాత ఒక ఆశా కార్యకర్త చనిపోయింది గుంటూరులోనే, జనవరిలోనే. ఆమె తోటివాళ్లు జంకితే తప్పుపట్టే నోరు మాకు లేదు. ఏం జరిగిందో వాళ్లను కూర్చోబెట్టి చెప్పాల్సింది అధికారులు. ఏప్రిల్‌లో తమిళ నటుడు వివేక్ టీకా వేయించుకున్న రెండు రోజులకు గుండెపోటుతో పోయారు. దానికీ దీనికీ సంబంధం లేదని వైద్యులు చెప్పినా పుకారు ఊళ్లకు ఊళ్లు దాటింది. అలా భయపడ్డ మనిషి ఇప్పటికీ రావడం లేదు. పల్స్ పోలియోకు తిరిగినట్టు వాళ్ల గుమ్మంలోకి వెళ్లి నచ్చజెప్పాలి. అలా తిరిగితేనే కదా 2014లో మనకు పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చింది! అప్పుడు వద్దని ఇప్పుడు దొడ్డిదారిన వస్తున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లది భయం కాదు, లెక్క.

ఇంకో విడ్డూరం. కొవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు కావాలని పట్టుబట్టిన పెద్దమనుషుల్లోనే కొందరు ఈ నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చే నాటు మందు కోసం మనుషుల్ని పరిగెత్తించారు. దానికి మొదటి దశ ఏదో కూడా అడగలేదు. ఆ మందు సంగతి పరీక్షించేవాళ్లు చూసుకుంటారు. అక్కడ కూడా రోగులు ఎండలో నిలబడ్డారు, సీసా ఇంటికి తెప్పించుకునేవాళ్లు తెప్పించుకున్నారు.

కేంద్రానికీ ఈ సంగతి తెలుసు. ఆరోగ్య సిబ్బంది, ఫ్రంట్‌లైన్ సిబ్బంది పేరుతో అర్హత లేనివాళ్లు చేరుతున్నారని ఏప్రిల్ 3న ఆ రెండు జాబితాల్లో కొత్త పేర్లు ఎక్కించడమే ఆపేసింది. కొద్ది రోజుల్లోనే ఆరోగ్య సిబ్బంది జాబితా 24 శాతం పెరిగిందట. ఫిబ్రవరిలో బతిమాలినా రాని సిబ్బంది, మార్చి పోయేసరికి ఎక్కడి నుంచి పుట్టుకొచ్చారు? మా వృత్తివాళ్లూ తక్కువ తినలేదు. ప్రెస్ కార్డు చూపించి పక్క గుమ్మంలోంచి వెళ్లినవాళ్లకూ ఈ సంపాదకీయం వర్తిస్తుంది.

మిగిలిన డోసు పారబోసే కంటే ఎవరో ఒకరికి వేయడం మేలు కదా అంటారు. నిజమే, తెరిచిన టీకా సీసాను 4 గంటల్లో వాడేయాలి. కానీ మిగులు తేలేది ఆఖర్న. పదిన్నరకు, వరస సగం కూడా కదలకముందు, ఫోను చేసి చెప్పుకునే మిగులు ఏమిటది?

వరస తప్పడం మనకు కొత్త కాదు. ఇంద్రకీలాద్రి మీద దసరాల్లో సామాన్యుడు గంటలు గంటలు నిలబడితే వీఐపీ పాసు మెట్ల పక్క నుంచి వెళ్లిపోతుంది. అక్కడ ఆలస్యమే నష్టం, అమ్మవారు చివరివాడికి కూడా కనిపిస్తుంది. టీకా డోసు అలా కాదు. ఒకడు లాక్కుంటే ఆ రోజు ఒకరికి లేనట్టే. ఇవాళ టీకా దగ్గర చెల్లింది కాబట్టి రేపు ఐసీయూ బెడ్డు దగ్గర చెల్లుతుంది, ఎల్లుండి పిల్లల టీకా వస్తే అక్కడా చెల్లుతుంది. ఒక్క ఫోనుతో పనైపోతుందని తెలిసినవాడు మళ్లీ వరసలో నిలబడతాడా?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఏ పూట ఎన్ని డోసులు వచ్చాయి, ఏ వయసువాళ్లకు ఎన్ని వేశారు, సాయంత్రానికల్లా సచివాలయం తలుపు మీద అంటించండి. సంతకాలతో సహా. సిఫార్సు ఫోను వస్తే ఎత్తిన ఉద్యోగి ఆ నంబరూ రాసిపెట్టాలి. ఏఎన్ఎంను తిట్టి లాభం లేదు. ఆ పిల్ల ఉద్యోగం ఎవరి చేతిలో ఉందో ఆ ఫోను చేసినవాడికి తెలుసు.

మే 1 నుంచి 18 ఏళ్లు నిండినవాళ్లకూ టీకా అని కేంద్రం అన్నా, ముందు 45 దాటినవాళ్లకే అని రాష్ట్రం చెప్పింది. ముఖ్యమంత్రి జగన్ తన టీకా వేయించుకున్నది ఏప్రిల్ 1న, 45 దాటినవాళ్లందరికీ తలుపు తెరిచిన రోజున, గుంటూరు భరత్‌పేట వార్డు సచివాలయంలో. ముఖ్యమంత్రి వయసుకు వంతు వచ్చేదాకా ఆగినప్పుడు కార్పొరేటరు బావమరిదికి ఆగడానికేం రోగం?

మార్చి 10న మున్సిపల్ ఎన్నికలకు ఇదే ముసలివాళ్లను ఆటోల్లో తెచ్చి పోలింగు కేంద్రాల ముందు వరసలో నిలబెట్టారు. ఆ రోజు ఎవరికీ పక్క గుమ్మం చూపించలేదు. విజయవాడలో 64 డివిజన్లలో గెలిచిన కార్పొరేటర్లంతా రేపు ఉదయం ఆరుంపావుకు తమ సచివాలయం గోడ దగ్గరికి రండి. ఫోను ఇంట్లో పెట్టి రండి.