ఒక్క గ్రీన్ కార్డుకి ఎన్ని ఫీజులండీ!

అమెరికాలో భార్యకో భర్తకో గ్రీన్ కార్డు స్పాన్సర్ చేయాలంటే ఎన్నిసార్లు డబ్బు కట్టాలి? బంధుత్వాన్ని చూపే దరఖాస్తు ఐ-130కి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675. కార్డు కావాల్సిన మనిషి అమెరికాలోనే ఉంటే, అక్కడి నుంచే గ్రీన్ కార్డు అడిగే ఫారం ఐ-485కి ఇంకో 1,440. 2024 ఏప్రిల్ 1కి ముందు 1,225 కడితే వర్క్ పర్మిట్, ప్రయాణ అనుమతి రెండూ అందులోనే వచ్చేవి. ఇప్పుడు వాటికి విడిగా 260, 630! రేటూ పెంచి, ఉన్నదీ తీసేస్తారా?

ఫీజులో తేడా వచ్చినా, సంతకం మరిచినా, పాత ఎడిషన్ ఫారం పంపినా కట్ట మొత్తం వెనక్కే. వారాలు వారాలు పోతాయి. ఫారం అడుగున ఉండే ఎడిషన్ తేదీని పంపే రోజే మళ్లీ చూసుకోవాలి. మెడికల్ రిపోర్టు ఐ-693ని 2024 డిసెంబర్ 2 నుంచి ఐ-485తోనే జతచేయాలి. డాక్టరు సీల్ చేసిన కవరు విప్పితే చెల్లదు. తెలియక విప్పేవాళ్లు ఎందరో, పాపం!

స్పాన్సర్ ఆదాయం అమెరికా ప్రభుత్వ పేదరిక ప్రమాణానికి 125 శాతం లేకపోతే జాయింట్ స్పాన్సర్, అంటే తోడుగా పూచీ పడే ఇంకొకరు కావాలి. విడాకులైనా వదలని పూచీ అది. ఏ మొహం పెట్టుకుని అడుగుతాం ఎవర్నైనా?

ఇంతా చేస్తే, పెళ్లయి రెండేళ్లు నిండనివాళ్లకి వచ్చేది రెండేళ్ల కార్డే. గడువుకు ముందు 90 రోజుల్లో, ఆ రెండేళ్ల షరతు తీసేయమని అడిగే ఐ-751, మరో 750 డాలర్లు. మళ్లీ జాయింట్ ఖాతాలు, అద్దె ఒప్పందాలు, ఫొటోలు... కాపురం నిజమేనని ఎన్నిసార్లు రుజువు చేసుకోవాలి?