లైఫ్ అయిందనుకున్నా

టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్ అని నల్లగొండ పోతే, మేం చదివిన బడికి వాటర్ ఫిల్టర్ పెట్టించడానికి మావాళ్లు పోకర్ పోటీ పెట్టారు. తలా 1000 చందా ముందే కట్టేయాలి, ఆటలో మాత్రం పైసలుండవు (తెలంగాణలో పైసలు పెట్టి ఆడితే కేసు, ఈ వయసులో పోలీసు బండి ఎక్కే ఓపిక ఎవరికుంది), మనిషికి 100 చింతగింజలు, గెలిచినోనికి శాలువా.

డాలస్ నుంచి వచ్చినోడు ఆట చెప్పాడు. చేతికి 2 ముక్కలు, బల్ల మీద 5, ఆ ఏడింట్లో మంచి 5 చూసుకోవాలి. నేను బగారన్నం ఎప్పుడు పెడతారా అని చూస్తున్నా. 30 ఏళ్లుగా 13 ముక్కల రమ్మీ ఆడేటోనికి పత్తాలాట ఇంకొకడు నేర్పేదేంది?

నా చేతికి ఆఠీన్ 5, 6 వచ్చాయి. బల్ల మీద మొదట పరిచిన మూడింట్లో ఇస్పేట్ రాజు, కళావర్ 2, వాటి పక్కన ఎర్రగా మెరుస్తూ ఆఠీన్ 7! జోకర్ అవసరం లేకుండా వరసగా మూడు, అంటే రమ్మీలో లైఫ్. లైఫ్ పడ్డాక భయమేంది, ఫుల్ కౌంట్ (ఓడితే మీద పడే మొత్తం పాయింట్లు) తప్పినట్టే కదా. "ఆల్ ఇన్" అని గింజలన్నీ రెండు చేతులతో నడుమకి తోశాను, నాలుగు కింద పడితే వంగి ఏరి మరీ పెట్టాను.

అందరూ ముక్కలు పడేశారు, మా హిందీ సారు తప్ప. ఆయన కళ్లజోడు తుడుచుకొని, తన గింజలు ఒక్కొక్కటి లెక్కపెట్టి ముందుకు జరిపారు. బల్ల మీద పడాల్సిన మిగిలిన రెండు ముక్కలు 9, జాకీ.

"లైఫ్!" అని పరిచాను.

"మూడు ముక్కలతో ఏం చేస్తవ్‌రా, ఇక్కడ వరస అంటే ఐదుండాలె" అన్నాడు డాలసోడు. "ఆ 9తోటి ఒక్క 8 వచ్చినా గెలుస్తుంటివి."

సారు చేతిలో డైమన్ రాజు. రాజుల జత, అంతే. "ఆ ఏడు నీదొక్కనిదే అనుకున్నవా? బల్ల మీదియి అందరియి" అన్నారు, ఎనిమిదో తరగతిలో చెవి మెలేసిన గొంతుతోనే. ఇంట్లో టీవీ రిమోట్ గురించి మా ఆవిడ రోజూ చెప్పేది కూడా ఇదే.

బయటికొచ్చి ఆమెకు ఫోన్ చేశాను. "నా లైఫ్ పోయింది" అన్నా, గొంతు కూడా వణికింది.

"పోతే పోయిందిగని, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ తీస్కరా."