న్యూ ఆర్లీన్స్ కోలుకుంది, ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది

2006 ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా, భోజనానికి గంట పోను, న్యూ ఆర్లీన్స్ నగరాన్ని క్షుణ్ణంగా పరిశీలించి ఈ నివేదిక రాస్తున్నాను. నాకేం అర్హత ఉందని అడగొచ్చు. మేం హ్యూస్టన్ వాళ్ళం. 2005 ఆగస్టులో కత్రీనా తుఫాను ఆ ఊరిని ముంచాక, అక్కడి జనాన్ని బస్సుల్లో మా ఆస్ట్రోడోమ్ స్టేడియానికి తెచ్చినప్పుడు మా ఇంట్లోంచి రెండు పాత దుప్పట్లు వెళ్ళాయి. ఆ మాత్రం హక్కు చాలదా? ఎనిమిది మందిమి వ్యాన్ వేసుకుని, పులిహోర డబ్బాతో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళాం.

ముందుగా కఫే డు మోండ్. 1862 నుంచి ఉందట. బెన్యే అని, పొంగిన చదరపు పూరీ లాంటిదాని మీద పంచదార పొడి గుట్టగా పోసి ఇస్తారు. కాఫీలో చికోరీ. మన ఫిల్టర్ కాఫీలో చికోరీ కలిపితే కల్తీ అని తిట్టుకునే మా వదినగారు ఇక్కడ మాత్రం కళ్ళు మూసుకుని "ఏం రుచి!" అన్నారు. పంచదార చొక్కా నిండా పడింది. ఊరు కోలుకుందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? జాక్సన్ స్క్వేర్ దగ్గర బాకా ఊదేవాడు ఊదుతూనే ఉన్నాడు, చర్చి తెల్లగా మెరుస్తోంది, బోర్బన్ స్ట్రీట్‌లో పదకొండింటికే తాగేవాళ్ళు తాగుతున్నారు. నేను డైరీలో "సంతృప్తికరం" అని రాసుకున్నాను.

తర్వాత తెలిసిందేమంటే, 1718లో ఫ్రెంచి వాళ్ళు తెలివిగా నది ఒడ్డున మెరక చూసుకుని ఊరు కట్టారు, అందుకే ఆ పాత పేట, అంటే ఫ్రెంచి క్వార్టర్, చాలావరకు మునగనే లేదు. నగరంలో 80 శాతం నీట మునిగితే నేను పొద్దుటి నుంచీ మునగని ముక్కలో తిరుగుతున్నాను. పక్కన కూర్చున్న బంధువు నాడి పట్టుకుని, రోగి బాగున్నాడని చెప్పే వైద్యుడి పని నాది.

ట్రాముల సంగతి కూడా చెప్పాలి. కెనాల్ స్ట్రీట్ ఎర్ర ట్రాములు షెడ్డులోనే మునిగిపోతే, సెయింట్ చార్లెస్ దారిలో తిరిగే పాత పచ్చ ట్రాములు బతికాయి. వాటి దారిలో తీగలు తెగిపోయాయి కాబట్టి, అప్పట్లో అవి వచ్చి ఎర్రవాటి పట్టాల మీద తిరిగాయి. బండి ఉన్నవాడికి దారి లేదు, దారి ఉన్నవాడికి బండి లేదు. అయినా ఫోటో బాగా వచ్చింది.

మధ్యాహ్నం "అసలుది కూడా చూడాలి కదా" అని మునిగిన పేటల్లో ఒకటైన లేక్‌వ్యూ వైపు తిరిగాం. పదిహేడో వీధి కాలువకి వరద ఆపడానికి కట్టిన గోడ తెగింది అక్కడే. నీళ్ళు పైకెక్కి పొర్లకముందే గోడ ఒరిగిపోయిందట. ఆ మాట వినగానే సొంత ఊరికి వచ్చినట్టనిపించింది. ఇళ్ళ గోడల మీద నీళ్ళు నిలిచిన గోధుమరంగు గీత, తలుపుల పక్కన స్ప్రేతో వేసిన పెద్ద ఇంటూ గుర్తు. దాని పై గడిలో వెతికిన తేదీ, కింది గడిలో లోపల ఎంతమంది దొరికారో ఆ అంకె. మా వ్యాన్‌లో అందరం కింది గడిలో సున్నా ఉన్న ఇళ్ళనే ఫోటో తీశాం, మాకూ సంస్కారం ఉంది. రోడ్డు పక్క టేపు చుట్టి పడేసిన ఫ్రిజ్ ఒకటి కనిపిస్తే వదినగారు ఏసీ ఆపించి, అద్దం దించి, వెంటనే ఎత్తేశారు.

ఒక ఇంటి మెట్ల మీద ముఖానికి మాస్కుతో కుర్రాడు కూర్చున్నాడు, లోపల్నుంచి తడిసిన గోడచెక్కలు మోసుకొచ్చి గుట్ట వేస్తున్నట్టున్నాడు. చెయ్యి ఊపాం. వాడు ఊపలేదు. "పొగరు" అన్నారెవరో.

1977 ఉప్పెన తర్వాత దివిసీమలో మా ఊరు చూడ్డానికి జీపుల్లో జనం వచ్చేవాళ్ళు. నాకప్పుడు ఆరేళ్ళు. వాళ్ళు చెయ్యి ఊపితే మేం పిల్లలం పరిగెత్తి మరీ ఊపేవాళ్ళం, మా నాన్న మాత్రం అటు తిరిగి కూర్చునేవాడు. వాళ్ళకి మా ఊళ్ళో తాగడానికి కాఫీ కూడా దొరికి ఉండదు, పాపం.